కాలువ తెలిసినవారికి కరెంటు కొత్త కాదు

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో విద్యార్థులు, ఆక్వా రైతులు, మోటారు మెకానిక్కుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం. బల్ల మీద ప్రయోగాలు చూపిస్తూ మాట్లాడినది కాబట్టి అవసరమైన చోట చిన్న వివరణలు చేర్చాం.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు, పని ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చిన మెకానిక్కులకు, చెరువు గట్టు మీద మనిషిని కాపలా పెట్టి మరీ వచ్చిన రైతులకు ప్రత్యేకంగా నమస్కారం.

నా చేతిలో ఉన్నది ఫోను చార్జరు. పనిచేయడం లేదని ఎవరో పారేస్తే తెచ్చుకున్నాను. పైడొప్ప విప్పి లోపలి బోర్డు బయటికి తీశాను. అగ్గిపెట్టె కంటే చిన్నది. దీని మీద పాతిక దాకా భాగాలున్నాయి. వాటిలో పాడైంది ఒక్కటే. మిగిలినవన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అయినా మొత్తం చెత్తకుప్ప మీదికి వెళ్లింది. ఇరవై ఏళ్లు దుకాణంలో, ఆ తర్వాత ఐటీఐలో పిల్లలకు పాఠం చెబుతూ నేను పడిన బాధ అంతా ఇదే. మనవాళ్లు ఆయిలు ఇంజను విప్పి బిగిస్తారు. నీళ్లలో మునిగిన మోటారుకు కొత్త వైండింగు చుట్టి నిలబెడతారు. పచ్చబోర్డు కనబడితే మాత్రం చేతులెత్తేసి, అది మన వల్ల కాదంటారు.

అవుతుంది. ఈ డెల్టాలో పుట్టినవాళ్లకు మరీ సులభంగా అవుతుంది. ఎలక్ట్రానిక్స్ అంటే ప్రవాహాన్ని అదుపు చేసే విద్య. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ నిలవ చేయాలి, ఎటు పోనివ్వకూడదు, ఎప్పుడు ఎంత వదలాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన తాతముత్తాతలు నీటితో చేస్తున్నది ఇదే పని. తూము, చెరువు, తలుపు, షట్టరు తెలిసినవాడికి ఈ బోర్డు మీద తెలియనిది చాలా తక్కువ. ఈ చార్జరులోకి 230 వోల్టులు వచ్చి 5 వోల్టులుగా బయటికి వెళుతుంది. ఆ దారి వెంట నడుద్దాం. ఎదురొచ్చిన ప్రతి భాగాన్నీ పలకరిద్దాం.

ముందు రెండు మాటలు తేల్చుకోవాలి: వోల్టేజి, కరెంటు. వరద రోజుల్లో వార్తలు ఎలా చెబుతారో గుర్తు చేసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఇన్ని అడుగులు, దిగువకు వదులుతున్నది ఇన్ని లక్షల క్యూసెక్కులు అంటారు. మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రులు చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. మట్టం వేరు, ప్రవాహం వేరు అని వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అడుగుల్లో కొలిచేది ఎత్తు. క్యూసెక్కుల్లో కొలిచేది సెకనుకు ఎంత నీరు పోతోందన్నది. వోల్టేజి మట్టం లాంటిది, వోల్టుల్లో కొలుస్తాం. కరెంటు ప్రవాహం, ఆంపియర్లలో కొలుస్తాం. మట్టంలో తేడా ఉంటేనే నీరు కదులుతుంది. వోల్టేజిలో తేడా ఉంటేనే కరెంటు పారుతుంది.

ఒక్క విషయంలో ఈ పోలిక నిలవదు. అది ఇప్పుడే చెప్పేస్తాను. కాలువ నీరు చేలోకో సముద్రంలోకో పోతే ఆ కథ ముగిసినట్టే. కరెంటు మాత్రం బయలుదేరిన చోటికి తిరిగి రావాలి. తిరుగుదారి ఎక్కడ తెగినా ప్రవాహం మొత్తం ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాట్లలో సగం ఈ తిరుగుదారిని మరిచిపోవడం వల్లనే.

ఇక రెసిస్టర్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో నిరోధకం. పొలానికి నీరు పెట్టే తూమును తలచుకోండి. కాలువలో మట్టం ఒకటే అయినా సన్నని తూము తక్కువ నీరు ఇస్తుంది, వెడల్పు తూము ఎక్కువ ఇస్తుంది. జర్మనీకి చెందిన జార్జ్ ఓమ్ 1827లో ఈ సంబంధాన్ని లెక్కగా ప్రకటించాడు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. నిరోధాన్ని ఆయన పేరు మీదే ఓముల్లో కొలుస్తాం. అంతే. నలభై ఏళ్ల నా వృత్తిలో నేను ఎక్కువసార్లు వేసిన లెక్క ఇదే.

బల్ల మీద 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ ఉన్నాయి. ఎల్‌ఈడీని నేరుగా బ్యాటరీకి కలిపితే ఏమవుతుందో చూడండి. (ఎల్‌ఈడీ ఒక్కసారి మెరిసి ఆరిపోయింది.) ఇక వెలగదు. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. తొమ్మిదిలో రెండు తీస్తే ఏడు. ఆ ఏడు వోల్టుల భారం మోయడానికి దారిలో ఏమీ లేదు కాబట్టి ప్రవాహం అదుపు తప్పింది. ఇప్పుడు మధ్యలో ఒక రెసిస్టర్ పెడుతున్నాను. దీని ఒంటి మీద నాలుగు రంగుల పట్టీలున్నాయి: నీలం, బూడిద, గోధుమ, బంగారం. రంగుకొక అంకె ఉంది. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. మొదటి రెండు పట్టీలు అంకెలు, మూడోది పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. నీలం ఆరు, బూడిద ఎనిమిది, గోధుమ ఒక సున్నా. 680 ఓములు. బంగారు పట్టీ అంటే విలువ నూటికి ఐదు అటూఇటూ ఉండవచ్చని. ఏడు వోల్టులను 680తో భాగిస్తే పది మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. ఎల్‌ఈడీకి సరిగ్గా సరిపోయే మోతాదు. (కొత్త ఎల్‌ఈడీ నిలకడగా వెలిగింది.) ఈ రంగుల వరస పిల్లలు ఎక్కం లాగా కంఠస్థం చేయండి. వారం రోజుల పని, జీవితమంతా ఉపయోగం.

చార్జరు బోర్డు మీద కరెంటు అడుగుపెట్టగానే తగిలే మొదటి భాగం కూడా ఒక చిన్న రెసిస్టరే. లోపల ఏదైనా షార్టు అయితే ముందుగా అదే మాడి, మిగిలినవాటిని కాపాడుతుంది. వోల్టులు, ఓములు కొలిచే మల్టీమీటరు పెట్టి చూశాను, బాగానే ఉంది. ముందుకు వెళదాం.

దాని వెంటనే నాలుగు నల్లటి చిన్న గొట్టాలు. ఒక్కోదానికి ఒక చివర తెల్లగీత. ఇవి డయోడ్లు. వీటి దగ్గర కాసేపు ఆగుతాను. డయోడు అర్థమైతే ట్రాన్సిస్టరు దానంతట అదే అర్థమవుతుంది.

సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చెప్పండి, మురుగు డ్రెయిను సముద్రంలో కలిసే చోట స్లూయిసుకు వేలాడే తలుపులు ఎందుకుంటాయి? పాటు సమయంలో లోపలి మురుగునీరు తలుపును తోసుకుని బయటికి పోతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరే ఆ తలుపును గట్టిగా మూసేస్తుంది. ఉప్పునీరు చేలలోకి ఎక్కదు. అక్కడ ఎవరూ నిలబడి తెరవరు, మూయరు. డయోడు అచ్చంగా ఆ తలుపు. తెల్లగీత ఉన్న వైపుకే కరెంటును పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఇంకో సంగతి గమనించండి. తలుపుకు బరువుంటుంది. లోపలి నీరు కాస్త ఎత్తు పెరిగితే గానీ అది తెరుచుకోదు. డయోడుకూ అంతే. సిలికాన్ డయోడు తెరుచుకోవడానికి సుమారు 0.7 వోల్టు తోపు కావాలి.

ఆ తలుపు లోపల ఏముంది? ఇసుకలో ప్రధానంగా ఉండేది సిలికా. అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. దాని నుంచి సిలికాన్‌ను వేరుచేసి, అత్యంత శుద్ధి చేసి, స్ఫటికంగా పెంచుతారు. శుద్ధ సిలికాన్‌లో కరెంటు సరిగ్గా పారదు. పరమాణువుకు వెలుపలి వరసలో ఉన్న నాలుగు ఎలక్ట్రాన్లూ పక్కవాటితో చేతులు కలిపి ఉంటాయి, తిరగడానికి ఒక్కటీ ఖాళీగా ఉండదు. అందులో ఐదు ఎలక్ట్రాన్ల భాస్వరాన్ని చిటికెడులో చిటికెడు కలిపితే ఒక్కో పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ మిగిలిపోతుంది. అది ఎన్ రకం. మూడు ఎలక్ట్రాన్ల బోరాన్ కలిపితే ఒక్కో చోట ఖాళీ ఏర్పడుతుంది. అది పీ రకం. ఒకే స్ఫటికంలో ఈ రెండూ కలిసిన సరిహద్దే మన తలుపు. సరిహద్దు దగ్గర ఎలక్ట్రాన్లు ఖాళీలను పూడ్చేసి చిన్న గట్టు కడతాయి. ఒక వైపు నుంచి తోస్తే గట్టు తగ్గి దారి ఇస్తుంది. రెండో వైపు నుంచి తోస్తే గట్టు ఇంకా ఎత్తు పెరుగుతుంది.

మన దేశం వాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ సీసపు ఖనిజమైన గలీనా స్ఫటికంతో రేడియో తరంగాలను పట్టే సాధనం చేసి, 1901లో దరఖాస్తు పెట్టి, 1904లో అమెరికా పేటెంటు పొందారు. అర్ధవాహక (సెమీకండక్టర్) సాధనానికి తొలి పేటెంట్లలో అది ఒకటి. ఈ చిన్న నల్లగొట్టాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొస్తారు.

సరే, నాలుగు తలుపులు ఎందుకు? మన ఇంటికి వచ్చే కరెంటు పోటూ పాటూ లాంటిది. సెకనుకు 50 సార్లు అటు, 50 సార్లు ఇటు తోస్తుంది. ఫోనుకు కావాల్సింది ఒకే దిక్కు. నాలుగు డయోడ్లను వంతెనలా అమరిస్తే, పోటు ఒక జత తలుపుల గుండా, పాటు రెండో జత గుండా వచ్చి రెండూ ఒకే వైపుకు పడతాయి. దిక్కు కుదిరింది గానీ నిలకడ రాలేదు. సెకనుకు వంద కెరటాలుగా ఎగిరిపడుతోంది.

ఇక్కడికి వస్తుంది కెపాసిటరు. మన మెకానిక్కులు కండెన్సరు అంటారు. ఆ పేరూ తప్పు కాదు, పాత పేరు. ఎండాకాలంలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీటి చెరువును నింపుకుంటాం. కాలువలో నీరు లేని రోజుల్లో చెరువు నుంచి వాడుకుంటాం. కాలువ వచ్చినా రాకపోయినా ఊరికి నీరు ఆగదు. కెపాసిటరు చేసేది ఇదే. కెరటం ఎగిరినప్పుడు నిండుతుంది, కెరటం దిగినప్పుడు తనలోది వదులుతుంది. సెకనుకు వందసార్లు ఇలా నిండుతూ, వదులుతూ ప్రవాహాన్ని నున్నగా చేస్తుంది.

చూపిస్తాను. ఎల్‌ఈడీ, రెసిస్టరు అలాగే ఉన్నాయి. వాటికి పక్కగా వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిపాను. ఈ చెరువు ఎంత పెద్దదో చెప్పే కొలత మైక్రోఫారడ్. ఇప్పుడు బ్యాటరీ తీసేస్తున్నాను. (ఎల్‌ఈడీ వెంటనే ఆరలేదు. క్రమంగా మసకబారుతూ రెండు మూడు క్షణాలు వెలిగింది.) బ్యాటరీ నా చేతిలో ఉంది. ఆ వెలుగు చెరువులోని నీరు.

దీని నిర్మాణం చాలా సరళం. రెండు లోహపు రేకులు, మధ్యలో కరెంటును పోనివ్వని పొర. 1745-46 నాటి లేడెన్ సీసా కూడా ఇదే సూత్రం, గాజు సీసాకు లోపలా బయటా లోహం. ఈ స్తూపాకారపు రకంలో అల్యూమినియం రేకు మీద ఏర్పడిన సన్నటి ఆక్సైడు పొరే అడ్డుగోడ. రేకులను ద్రావణంలో తడిపిన కాగితంతో చుట్టచుట్టి డబ్బాలో పెడతారు. ఆ పొర ఒకే దిక్కు వోల్టేజిని తట్టుకుంటుంది. అందుకే డబ్బా మీద ఒక వైపు మైనస్ గుర్తుతో చార ఉంటుంది. తిరగేసి కలిపితే లోపల వేడెక్కి, వాయువు పుట్టి, డబ్బా పగులుతుంది. కంటికి దగ్గరగా పెట్టుకుని పని చేసే పిల్లలు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

ఇంకో హెచ్చరిక నా ఒంటి మీద రాసుకున్నది. పదిహేడేళ్ల వయసులో ఒక టీవీ దుకాణంలో పని నేర్చుకుంటున్నాను. బ్లాక్ అండ్ వైట్ టీవీ విప్పాను. ప్లగ్గు తీసేశాం కదా అన్న ధీమాతో బోర్డు మీద చెయ్యి పెట్టాను. స్టూలు మీద నుంచి వెల్లకిలా పడ్డాను. మోచేతి దాకా సాయంత్రం వరకు తిమ్మిరి పోలేదు. కాలువ కట్టేసినా చెరువు నిండుగానే ఉందన్నమాట. 230 వోల్టుల కరెంటు కెరటం కొన దగ్గర 325 వోల్టులు ఉంటుంది. వంతెన దాటిన తర్వాత కెపాసిటరులో నిలిచేది ఆ ఎత్తే. కాబట్టి ఏ బోర్డు విప్పినా ముందు పెద్ద కెపాసిటరును ఒక రెసిస్టరు గుండా ఖాళీ చేయండి, మీటరుతో సున్నా చూసుకోండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు మన చార్జరు దగ్గరికి రండి. ఈ కెపాసిటరు మీద 400 వోల్టులు, 4.7 మైక్రోఫారడ్లు అని రాసి ఉంది. పైభాగం చూడండి, బల్లపరుపుగా ఉండాల్సింది పొంగిన పూరీలా ఉబ్బింది. మీటరు ఒక మైక్రోఫారడ్ కూడా చూపడం లేదు. దొంగ దొరికాడు. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రావణం ఎండిపోయింది, చెరువు పూడిపోయింది. ఇది విప్పి, అదే విలువ ఉన్న కొత్తదాన్ని చార చూసుకుని టంకం వేస్తే చార్జరు మళ్లీ పనిచేస్తుంది. ఉబ్బిన కెపాసిటరును గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు, వంగి చూసే ఓపిక చాలు.

(సభలోంచి ఒక మెకానిక్కు: "మాస్టారూ, సింగిల్ ఫేజు మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. చేత్తో తిప్పితే అందుకుంటుంది. అదీ కండెన్సరేనా?")

చాలా మంచి ప్రశ్న అడిగారు. తొంభై పాళ్లు అదే. సింగిల్ ఫేజు కరెంటు ఒక్కటే అయితే లోపలి అయస్కాంత బలం అటూఇటూ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. మోటారుకు ఏ వైపు తిరగాలో తెలియదు, అందుకే మూలుగు. రెండో వైండింగుకు కెపాసిటరు గుండా కరెంటు ఇస్తే అక్కడి కెరటం కాస్త ముందుగా వస్తుంది. రెండు కెరటాలు ఒకదాని తర్వాత ఒకటి తోస్తుంటే బలం తిరగడం మొదలుపెడుతుంది. ఇంట్లో సీలింగు ఫ్యానులో ఉండే 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరు పని కూడా ఇదే. అది ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత వేసిన రకం. లోపల ఎక్కడైనా చిన్న చిల్లు పడితే ఆ చుట్టూ పూత ఆవిరై, గాయం తనంతట మానుతుంది. కానీ మానిన ప్రతిసారీ కాస్త పూత పోతుంది, విలువ తగ్గుతుంది. ఏటేటా ఫ్యాను వేగం తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. మీ మోటారుకు మాత్రం బేరింగు బిగుసుకుందేమో కూడా చూడండి. చేత్తో తిప్పినప్పుడు సులువుగా తిరగకపోతే తప్పు కండెన్సరుది కాదు.

చార్జరు దారిలో తర్వాతిది పసుపు టేపు చుట్టిన దిమ్మ. లోపల రాగితీగ చుట్లు. కాయిలు స్వభావం చెప్పాలంటే, పాతకాలంలో మన కాలువల్లో సరుకు పడవలను గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. బరువు పడవ కదలడానికి మొరాయిస్తుంది, కదిలిందా ఆగడానికీ మొరాయిస్తుంది. కాయిలులో కరెంటుదీ అదే గుణం. ఉన్నట్టుండి తెంపితే ఊరుకోదు, ఎంత వోల్టేజి పుట్టించైనా ముందుకే పోవాలని చూస్తుంది. రాత్రి చీకట్లో ఫ్యాను స్విచ్చి ఆపి చూడండి, స్విచ్చి లోపల చిన్న మెరుపు కనబడుతుంది. అది పడవ లాకు గేటును గుద్దుకున్న దెబ్బ. ఈ దెబ్బ చివర్లో మనకు మళ్లీ ఎదురవుతుంది.

ఒకే ఇనుప లేదా ఫెర్రైటు దిమ్మ మీద రెండు కాయిళ్లు చుడితే ట్రాన్స్‌ఫార్మరు. ఒకదానిలో కరెంటు మారుతూ ఉంటే, తీగతో ఏ సంబంధమూ లేని రెండో దానిలో వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే చూపించింది ఇదే. వీధి చివర స్తంభాల మీదిదీ, ఇక్కడ నా వేలి మీద నిలబడినదీ ఒకే జాతి. ఇది ఇంత చిన్నదిగా ఎందుకు ఉందంటే, దీనిలోకి వెళ్లే కరెంటును సెకనుకు పదుల వేల సార్లు తెంపి వదులుతున్నారు. వేగం పెరిగేకొద్దీ దిమ్మ చిన్నదైనా సరిపోతుంది.

అంత వేగంగా తెంపి వదిలే చెయ్యి ఎవరిది? ట్రాన్సిస్టరుది.

మన పెద్దల నోట ట్రాన్సిస్టరు అంటే రేడియోయే. అంతకుముందు వాల్వు రేడియోలుండేవి. స్విచ్చి వేశాక వేడెక్కేదాకా ఎదురుచూడాలి, బరువు ఎక్కువ, కరెంటు కూడా ఎక్కువ తాగేవి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ తొలి ట్రాన్సిస్టరును పనిచేయించారు. వారికి, విలియం షాక్లీకి కలిపి 1956లో నోబెల్ వచ్చింది. ఆ చిన్న ముక్క వల్లనే రేడియో సెల్సు మీద నడిచి చేను గట్టుకు వచ్చింది. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కొబ్బరిచెట్లు, స్తంభాలు కలిసి నేలకూలి చాలా రోజులు కరెంటు లేదు. ఆ రోజుల్లో నా దుకాణం ముందు తడిసిన ట్రాన్సిస్టర్లు పట్టుకుని జనం నిలబడ్డారు. బోర్డులు కడిగి, ఆరబెట్టి, చిలుము గీకి, రెండు సెల్సు వేసి తిప్పితే విజయవాడ కేంద్రం పలికేది. ఆ గొంతు వినగానే వాళ్ల ముఖాల్లో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఈ వృత్తి మీద నాకున్న గౌరవం ఆ వారంలో పుట్టింది.

అది చేసేదేమిటో చూడండి. కాలువ లాకు దగ్గర లస్కరు ఉంటాడు. అతను చక్రం తిప్పితే షట్టరు లేచి వేల ఎకరాలకు నీరు వెళుతుంది. ఆ నీటిని అతను తన బలంతో తోయడం లేదు. నీటికి బలం పైమట్టం నుంచి వస్తుంది. లస్కరు చిన్న కదలికతో పెద్ద ప్రవాహాన్ని శాసిస్తున్నాడు. ఇది బీసీ 547 ట్రాన్సిస్టరు, రెండు మూడు రూపాయల వస్తువు. చదును వైపు మన ముఖానికి పెట్టి కాళ్లు కిందికి ఉంచితే ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. కలెక్టరు నుంచి ఎమిటరుకు పెద్ద కాలువ. బేసు లస్కరు చక్రం. బేసులోకి కాస్త కరెంటు వదిలితే దానికి వంద నుంచి ఎనిమిది వందల రెట్ల దాకా పెద్ద కాలువలో పారుతుంది.

ఒక బాబు ముందుకు రా. చెయ్యి ఇలా చాపు. ముందు ఎల్‌ఈడీ దారిలో ఒక చోట తీగ తెంపి, ఆ రెండు కొసలనూ నీ వేలితో పట్టుకో. వెలగలేదు. నీ చర్మం గుండా పారే కరెంటు మరీ తక్కువ. ఇప్పుడు ట్రాన్సిస్టరు పెట్టాను. ఒక కొస బ్యాటరీ ప్లస్సు, రెండో కొస వెయ్యి ఓముల రెసిస్టరు గుండా బేసు. వేలు తడి చేసుకుని మళ్లీ పట్టుకో. (ఎల్‌ఈడీ వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.) నీ వేలి గుండా పారింది ఆంపియరులో లక్షో వంతు లెక్కలోది. ఎల్‌ఈడీకి దక్కింది దానికి వందల రెట్లు. ఆ రెండు కొసలనూ మేడ మీది ట్యాంకులో పైఅంచు దగ్గర వేలాడదీయండి. నీరు అక్కడికి చేరగానే దీపం వెలుగుతుంది, మోటారు కట్టేయవచ్చు. ఇరవై రూపాయల పని.

ట్రాన్సిస్టరును స్విచ్చిగా వాడితే, అది కలిసిందా లేదా అన్నదే ఒకటి, సున్నా. కంప్యూటరు అంతా ఇదే. 1958లో జాక్ కిల్బీ, మరుసటి ఏడాది రాబర్ట్ నాయిస్ వేర్వేరుగా పనిచేస్తూ ఒకే ముక్క మీద అన్ని భాగాలనూ చెక్కే దారి చూపారు. అదే ఐసీ. మీ జేబులో ఉన్న కొత్త ఫోను చిప్పులో ఇలాంటి లస్కర్లు వెయ్యి కోట్లకు మించి ఉండవచ్చు. అంత లోతుకు మనం ఈ రోజు వెళ్లడం లేదు.

ఇప్పుడు రైతుల కోసం తెచ్చినది. వనామి రొయ్యల చెరువుకు తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ వేళకు కరెంటు పోయి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే, కాపలా మనిషి నిద్రలో ఉంటే, పంట మొత్తం తేలిపోతుంది. మా బంధువు ఒకరికి అలాగే జరిగింది. తెల్లారి గట్టు మీద కూర్చుని ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కట్టిన సర్క్యూటు ఇది.

ఇది 5 వోల్టుల రిలే. లోపల ఒక కాయిలు, దాని మీద ఇనుప నాలుక. కాయిలులో కరెంటు ఉన్నంతసేపూ నాలుకను తన వైపు లాక్కుంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని వెనక్కి తెస్తుంది. వెనక్కి వచ్చినప్పుడు కలిసే కాలును ఎన్‌సీ అంటారు. కాయిలుకు పాత ఫోను చార్జరు నుంచి 5 వోల్టులు ఇస్తాం. చార్జరును ఏరియేటర్ల లైనుకే పెడతాం. ఎన్‌సీ కాలు గుండా 12 వోల్టుల బ్యాటరీకి, సైరనుకు దారి వేస్తాం. కరెంటు ఉంటే నాలుక పైకి లాగబడి ఉంటుంది, సైరను దారి తెగి ఉంటుంది. కరెంటు పోతే నాలుక పడుతుంది, సైరను మోగుతుంది. ట్రాన్సిస్టరు కూడా అక్కర్లేదు.

కాయిలు కాళ్లకు అడ్డంగా ఒక 1ఎన్ 4007 డయోడు తిరగేసి పెట్టాను. తెల్లగీత ప్లస్సు వైపు ఉండాలి. మామూలుగా దాని గుండా ఏమీ పారదు. కరెంటు తెగిన క్షణంలో బరువు పడవ గుద్దబోయే దెబ్బను అది తన గుండా తిప్పి శాంతింపజేస్తుంది. ఇది లేకుండా కట్టిన బోర్డులు కొన్నాళ్లకు ఎందుకు పోయాయో తెలియక జనం అవస్థపడటం ఎన్నోసార్లు చూశాను.

మీలో త్రీఫేజు ఏరియేటర్లు ఉన్నవాళ్లు ఎక్కువ. ఒక ఫేజు మాత్రమే పోయినా మోటార్లు మాడతాయి. అప్పుడు ఫేజుకొక చార్జరు, ఒక రిలే పెట్టి, మూడు ఎన్‌సీ కాళ్లనూ పక్కపక్కగా కలపండి. ఏ ఒక్క చార్జరుకు కరెంటు పూర్తిగా ఆగినా మోగుతుంది. ఫేజుల దగ్గర తీగలు కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుతోనే చేయించండి, తడి గట్టు మీద మీరు చెయ్యి పెట్టవద్దు. మన ఉప్పుగాలికి రాగి దారులు ఆకుపచ్చని చిలుము పడతాయి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కుంచె పెట్టి తుడిచి, ఆరాక వార్నిషు పూసి, మూతబిగువు డబ్బాలో ఉంచండి. వారానికోసారి ప్లగ్గు తీసి మోగుతోందో లేదో చూసుకోండి. బ్యాటరీ నీరసించిన సంగతి అవసరం పడిన రాత్రి తెలియకూడదు.

ఇప్పుడు ఈ ప్లగ్గు తీస్తున్నాను. చెవులు మూసుకోవాలనుకునేవాళ్లు మూసుకోండి. (సైరను మోగింది.)

బల్ల మీద ఇలాంటి పది సెట్లకు సరిపడా రిలేలు, డయోడ్లు, తీగలు, మూడు సోల్డరింగు ఐరన్లు ఉన్నాయి. టంకం వేయడం ఎప్పుడూ చూడనివాళ్లు ముందుగా రండి. ఐరను వేడెక్కింది.